మోతెవరి చెమట ఆరేదాకా

సోమవారం

ఉలవా,

మోతెవరి దాణా సగమే తిన్నది. లద్దె బాగుంది. ఎడమ ముందుకాలు ముట్టుకుంటే వెచ్చగా ఉంది, తడిగుడ్డ చుట్టాను. నీళ్ళ బండి రాలేదు. నిన్న మిగిలినవే వడగట్టి తొట్టిలో పోశాను.

నేను రాయవలసింది ఇంతవరకే. గుర్రం ఎట్లా ఉందో గుర్రపుసాలలో మనిషి రోజూ రాస్తేనే దాని నడకకు నిజం ముద్ర ఉంటుంది. రాయడం మానేస్తే ముద్ర పోతుంది. నువ్వున్నప్పుడు నువ్వు రాసేదానివి. ఇప్పుడు నా మీద పడింది. అయిదో తరగతిలో మానేసిన చెయ్యి ఇది, ఒత్తులు ఎక్కడ పడాలో అక్కడ పడవు. తెర మీద ఆడే ఆటలో గుర్రం మీద వేలు పెడితే ఈ రాత తెరుచుకుంటుందట. ఎవరెవరో చదువుతారట. చదువుకోనీ. నేను నీకు రాస్తున్నాను.

నిన్ను ఉలవ అని ఎందుకు పిలుస్తానో వాళ్ళకు తెలియదు కదా. నడక రాని వయసులో, గుర్రానికి ఉడకబెట్టిన ఉలవల బకెట్ దగ్గరికి పాక్కుంటూ పోయి మూతినిండా పూసుకుని కూర్చునేదానివి. అప్పటి గుర్రం నిన్ను ఏమీ అనేది కాదు. నువ్వు తినగా మిగిలింది అది తినేది.

ఎండ ఎక్కేలోగా పందిరి గుడ్డలు కడుతుంటే హరిచరణ్ వచ్చాడు. ఆ ఆటలు తయారుచేసే ఆటశాలలో గుర్రాల సంగతంతా చూసుకునేది అతనే. చెప్పులు బయట విడిచి వచ్చాడు. గుర్రపుసాలలోకి చెప్పులు విడిచి ఎవరు వస్తారు. ఏదో అడగడానికి వచ్చాడని అప్పుడే అర్థమైంది.

"పెద్దమ్మా, ఏడాది దగ్గరికొచ్చింది," అన్నాడు.

"నాకు తెల్వదా."

"నీ బిడ్డ నీరజ నడక ఆటల ఉండాలంటె ఇగ నీ వేలిముద్ర కావాలె. పోయినోళ్ళ నడకను ఏడాది దాటి వాడొద్దని కాయిదా. నువ్వు ముద్ర వేస్తె ఉంటది. లేకుంటె ఏడాది నాడు తీసేస్తరు."

"తీసెయ్యి."

"ఇప్పుడే చెప్పకు. ఇంక దినాలున్నయి."

"ఎన్ని దినాలున్నా అదే మాట."

అతను మోతెవరి మెడ నిమరబోయాడు. అది మొహం తిప్పుకుంది. ఊళ్ళో పెద్ద ఆసామి నడిచినట్టు నడుస్తుందని దానికి ఆ పేరు పెట్టింది నువ్వే. అడిగినవాళ్ళకల్లా మెడ ఇవ్వదు.

చదివేవాళ్ళు అది ఏ నడక అని అనుకుంటారేమో. ఇప్పుడు యంత్రాలు ఏ బొమ్మనైనా పుట్టిస్తాయి. గుర్రం లేకుండానే గుర్రం దౌడు, మనిషి లేకుండానే మనిషి నవ్వు. అన్నీ పుట్టించినవే అయ్యేసరికి జనానికి మొహం మొత్తింది. బతికున్న ఒంటి మీద తీసిన నడకే కావాలంటున్నారు. అందుకే ఈ సాల, అందుకే మాకు ఈ కూడు. గుర్రానికీ రౌతుకీ ఒంటినిండా పూసలు అతికిస్తారు. ప్రతి కదలికనూ ఆ పూసలు పట్టుకుంటాయి. "దండు" అనే ఆటలో గుర్రపు దళమంతా నా బిడ్డ నడకలతోనే కదులుతుంది. వాటిలో ఆఖరిది బల్లేల వరస మీదికి దౌడు. వెదురు బల్లేలు ఏటవాలుగా నేలలో పాతారు. మోతెవరి దగ్గరదాకా పోయి పక్కకు మలిగింది. నువ్వు పడ్డావు. మళ్ళీ లేవలేదు.

నిజం ముద్ర ఉన్నదాన్ని కోయకూడదు, అతకకూడదు. తీసింది తీసినట్టే వాడాలి. నువ్వు ముందే ఒప్పుకుని సంతకం పెట్టి ఉన్నావు. ఇంకో దౌడు తీయడానికి అప్పుడు ఎవరికీ చేతులు రాలేదు. అదే ఆటలోకి పోయింది. నేను ఇప్పటిదాకా చూడలేదు.

బుధవారం

దాణా మొత్తం తిన్నది. కాలు నిన్నటికంటే నయం. నీళ్ళ బండి వచ్చింది కానీ సగం తొట్టికే పోశాడు.

షాహీన్ మాలీషు చేయడానికి వచ్చింది. నీ తర్వాత రౌతు పని ఆమెకిచ్చారు. ఇద్దరు పిల్లల తల్లి. మొగుడికి ఎండదెబ్బ తగిలినప్పటి నుంచి ఇల్లంతా ఆమె మీదే నడుస్తోంది. నోరు మాత్రం ఊరుకోదు.

"ఈ మోతెవరి నన్ను చూస్తె కౌలు రైతును చూసినట్టు చూస్తదమ్మా. ఎంత తోమినా ఇంక బాకీ ఉన్నట్టే."

"గట్టిగ తోము. వీపు మీద దుమ్ము అట్లనే ఉన్నది."

"నువ్వు గూడ గట్లనే చూస్తున్నవ్."

వీపు మీది దుమ్ము రాలేదాకా తోమింది. తర్వాత, ఎవరి సంగతో చెప్తున్నట్టు, "గంతలు కడ్తరట," అన్నది.

"ఎవరికి?"

"దీనికే. నాగ్గాదు."

"నువ్వు గూడ కట్టుకో, భయముండది."

నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. అప్పుడు సంగతంతా చెప్పింది. ఆడేవాళ్ళు ఆటశాల మీద విరుచుకు పడుతున్నారట. ఇంత దళాన్ని పెట్టుకుని బల్లేల మీదికి పంపిస్తే గుర్రాలు పక్కకు మలుగుతాయేమిటి, ఇవి గుర్రాలా గొర్రెలా అంటున్నారట. వేరే ఆటల్లో గుర్రాలు బల్లేల గోడను గడ్డిని తొక్కినట్టు తొక్కుకుంటూ పోతాయట. అవి పుట్టించిన గుర్రాలు, వాటికేం. నీ దౌడు తీసేస్తే ఆ చోటుకు కొత్త దౌడు కావాలి. దాన్ని ఈసారి గుర్రం మలగకుండా తీయాలని పైవాళ్ళ మాట. కళ్ళకు గంతలు కట్టి, మెత్తటి దూది బల్లేల మీదికి తోలాలి. పైన షాహీన్.

"దూదియే గద," అన్నాను.

"దూది బల్లెం ఎన్క మనిషి బొమ్మ, బొమ్మ ఎన్క కట్టె. కనబడక గుద్దుకుంటె ఇది తలకిందులైతది. ఇది నా మీద పడ్డంక నాకు దూదైతే ఏంది, ఇనుమైతే ఏంది."

"వద్దను."

"వద్దంటె ఇంకొకళ్ళు ఎక్కుతరు. నాకు కూడు పోతది. నిన్ను అడుగుతలేనమ్మా. చెప్తున్న, అంతే."

అడగడం లేదని రెండుసార్లు చెప్పింది. రెండోసారి మోతెవరి తోక దువ్వుతూ చెప్పింది.

శుక్రవారం

కాలు బాగుంది. దాణా తిన్నది. కొత్త నాడాలు కావాలి.

నడిచి ఆటశాలకు పోయాను. లోపల చల్లగా ఉంటుంది, బయటి నుంచి పోయినవాళ్ళకు వణుకు వస్తుంది. హరిచరణ్ నాకు కుర్చీ వేసి, చల్లగాలి నా మీదికి రాకుండా పక్కకు తిప్పాడు.

"గంతల సంగతి నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"గుర్రాలు బల్లేల మీదికి పోతయా? పాతకాలంల పోయేటియా?"

"పోయేటివి కావు." అతనికి ఇష్టమైన సంగతి ఇది, అలసటలో కూడా మొహం కొంచెం వెలిగింది. "ఎదుట నిలబడ్డోళ్ళు కదలకుంట గట్టిగ నిలబడితె గుర్రం ఆగుతది, లేకుంటె మలుగుతది. దానికీ పానం తీపే గద. మరి గుర్రాల దండు గెలిచేది ఎట్లంటె, వచ్చే సప్పుడుకు, దుమ్ముకు కాల్బలం గుండె జారి చెదురుతది. చెదిరినంక ఉరికేటోళ్ళ ఎన్క పడేటివి. గోడ చెదరకుంటె తిరిగొచ్చి మళ్ళ పోవుడే. నీరజకు ఇదంత నేనే చెప్పిన. నువ్వు చెప్పుడు గాదన్నా, మోతెవరిని అడుగుదాం అన్నది. గట్ల తీసిందే ఆ దౌడు."

"మరి ఆడేటోళ్ళకు చెప్పు."

"చెప్పిన. రాసిన. బొమ్మలు గీసి పెట్టిన. నాలుగు నూర్ల మంది మెచ్చుకున్నరు, నాలుగు లక్షల మంది తిట్టిన్రు."

నేను చూస్తానన్నాను. అతను వెంటనే ఒప్పుకోలేదు. "ఇయ్యాల వద్దు పెద్దమ్మా," అన్నాడు. ఇంకో రోజు చూస్తే వేరేగా ఉంటుందా అని అడిగాను. తెర వెలిగించాడు.

పెద్ద మైదానం. ఒక పక్క బల్లేల గోడ. ఇటు పక్క వెయ్యి గుర్రాలు. ముందు నడిచాయి. తర్వాత తుళ్ళు నడక. మొదటి నుంచే దౌడు తీయిస్తే బల్లేల దగ్గరికి పోయేసరికి ఊపిరి ఉండదని, ఆఖరున మాత్రమే వదలాలని నువ్వు అన్నం ముద్దలతో పీట మీద చూపించేదానివి. అట్లాగే వదిలావు. రౌతుల మొహాలు వేరే వేరేగా ఉన్నాయి, గడ్డాలు, మీసాలు, శిరస్త్రాణాలు. ఒళ్ళు మాత్రం నీదే. నువ్వు ఎంత చెప్పినా వినకుండా ఎడమ మోచేయి బయటికి పెట్టేదానివి. వెయ్యిమందికీ ఎడమ మోచేయి బయటికే ఉంది. తెర దగ్గరికి పోయి ఆ మోచేతులను లోపలికి నెట్టాలనిపించింది.

మలిగాయి. ముందు వరసలవాళ్ళు నీ ఆఖరి దౌడుతో పడ్డారు, వెనకవాళ్ళు నీ పాత నడకలతో నిలిచారు. నేను కళ్ళు మూసుకోలేదు.

"మళ్ళ చూపించు. మెల్లగ."

మెల్లగా చూపించాడు. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి. భుజం ఎడమకు తిరిగింది. అప్పుడు నీ చేతులు. పగ్గాలు గుంజలేదు. వదులు చేశావు.

హరిచరణ్ నా వైపు చూడకుండా చెప్పాడు. "నేను మస్తుసార్లు చూసిన. గుంజితె అది తిన్నగ పోయేదేమో. పోతె ఇద్దరు బల్లేల మీద పడేటోళ్ళు. ఆమె దాని ఇష్టానికి వదిలింది."

ఇంతలో తెర మీద, పడనివాళ్ళు వెనక్కి వచ్చి వరస కట్టారు. వెంటనే మళ్ళీ దౌడు. మళ్ళీ మలుగుడు, మళ్ళీ పడుడు. వెంటనే మళ్ళీ వరస.

"ఏందిది? ఇప్పుడే ఉరికినయి గద."

"ఆటల అలుపు తక్కువ పెట్టినం. దౌడు తీసింది నిజమే. నడుమ ఎంతసేపు ఆగాలన్నదానికి తీసిన నడక లేదు. అది మా చేతుల ఉంటది."

"ఒక్క దౌడుకే దాని డొక్కలు కొలిమి తిత్తులోలె ఆడ్తయి. నురగ కక్కుతది."

"తెలుసు పెద్దమ్మా."

తెలుసు అతనికి. అన్నీ తెలుసు. తెలిసి అలసిపోయినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే ఉన్నాం.

ఆదివారం

దాణా పెట్టాను. నీళ్ళు పెట్టాను. కాలు చూశాను, బాగుంది. మోతెవరితో మాట్లాడలేదు.

నీ మీద కూడా కోపంగా ఉంది, దాచడం ఎందుకు. పగ్గం గుంజి ఉంటే అది పోయి నువ్వు ఉండేదానివేమో. ఇద్దరూ పోయేవాళ్ళేమో. ఎవరికీ తెలియదు. అంత దౌడులో కూడా గుర్రానికి దారి ఇవ్వాలని నీకు ఎట్లా తోచిందో. నాకు తోచేది కాదు.

మధ్యాహ్నం అది వచ్చి నా భుజం మీద గడ్డం పెట్టింది. బరువు. నెట్టేశాను. మళ్ళీ పెట్టింది.

ఆ రోజు సంగతి గుర్తొచ్చింది. అందరూ నీ చుట్టూ చేరారు, నేనూ అక్కడే ఉన్నాను, ఉండవలసింది అక్కడే. మోతెవరి ఎండలో, తడిసిన జీనుతో, ఎక్కడ ఆగిందో అక్కడే నిలబడి ఉంది. దౌడు తీసిన గుర్రాన్ని నిలబెట్టకూడదు. చెమట ఆరేదాకా మెల్లగా తిప్పాలి, నీళ్ళు గుక్కెడు గుక్కెడు పెట్టాలి. లేకపోతే శూల వస్తుంది, కాళ్ళు పట్టేస్తాయి. ఆ రోజు తిప్పేవాళ్ళు లేరు. ఈ ఎడమకాలి నొప్పి అప్పటిదే.

ఇక్కడ నువ్వు పడ్డది ఒక్కసారి. అక్కడ ఆటలో రోజూ పడుతున్నావు. నీ నడక తీసెయ్యమంటే నువ్వు పడడం ఆగుతుంది. ఆ చోటుకు కళ్ళు లేని గుర్రం, దాని మీద షాహీన్. ఉంచమంటే నువ్వు పడుతూనే ఉంటావు. పడడం ఒకటే అయితే నేను ఓర్చుకుందును. పడ్డచోట ఎవరూ ఒక్క నిమిషం ఆగడం లేదు. అది నాకు మింగుడుపడటం లేదు.

మంగళవారం

దాణా తిన్నది. నాడాలు వేయించాను. మాట్లాడాను దానితో.

హరిచరణ్ సాలకు వచ్చాడు. ఈసారి చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

"వేలిముద్ర వేస్త," అన్నాను. "నీరజ దౌడు ఉండనీ. మలిగేది మలగనీ. గంతలు వద్దు."

అతను గడ్డివాము మీద కూలబడ్డాడు. "ఆడేటోళ్ళ తిట్లు నేను పడుత."

"ఇంకొకటున్నది. నా నడక గూడ తియ్యాలె."

"నీదా?"

"దౌడు అయినంక మోతెవరిని నేను తిప్పుత. చెమట ఆరేదాకా. పూసలు పెట్టి తియ్యి, నిజం ముద్ర వెయ్యి, ఆటల పెట్టు. గుర్రాలు ఒక దౌడు పోయొస్తె, నేను తిప్పినంకనే ఇంకొకటి."

అతను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు. "పెద్దమ్మా, ముద్ర పడితె కోయరాదు. నువ్వు ఎంతసేపు తిప్పితె అంతసేపు ఆటల నడవాల్సిందే."

"అందుకే ముద్ర వెయ్యమంటున్న."

"ఆడేటోళ్ళు అంతసేపు తెర ముందట కూసోని ఏం చెయ్యాలె? సగంమంది లేచిపోతరు."

"పోనీ."

"పైవాళ్ళు ఒప్పుకోరు."

"ఒప్పుకోకుంటె నా వేలు నా దగ్గర్నే ఉంటది."

షాహీన్ లోపల ఎక్కడో మాలీషు చేస్తున్నట్టుగా ఉంది కానీ చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది. అతను పోయాక బయటికి వచ్చి, నా కాళ్ళ దగ్గర పడి ఉన్న కొరడా తీసి గోడకు తగిలించి పోయింది.

సాయంత్రం కబురు వచ్చింది. ఒప్పుకున్నారు. పైవాళ్ళకు గుర్రాల మీద జాలి కలగలేదు. బల్లేల మీదికి కొత్త దౌడు తీయాలంటే కొత్త అనుమతులు కావాలి, అవి నీ ఏడాది రోజులోపు రావు. హరిచరణ్ దాచకుండా చెప్పాడు.

గురువారం

ఉదయం చల్లని పూట నడక తీశారు. బల్లేలు లేవు. గంతలు లేవు. షాహీన్ మైదానం చివరిదాకా ఒకే ఒక్క దౌడు తీయించింది. అది దౌడు తీస్తుంటే కాలు నొప్పి ఉన్నట్టే లేదు. చాలా రోజులకు ఉరికింది కదా.

చీర మీద పూసలు నిలవవని నాకు నీ చొక్కా తొడిగించారు. భుజాల దగ్గర పట్టేసింది. షాహీన్ వెనక నుంచి గుంజి సరిచేస్తూ, "ఊపిరి పీల్చకమ్మా, పూసలు రాల్తయి," అన్నది.

"పీల్చకుంటె నన్ను ఎవరు తిప్పుతరే."

పగ్గం పట్టుకుని నడిచాను. మొదట దాని ఊపిరి నా చెవిలో మోగింది. డొక్కలు ఎగిరిపడుతున్నాయి. మెడ మీద చెమట నురగ కట్టింది. జీను పట్టీ వదులు చేశాను. ఒక చుట్టు, ఇంకో చుట్టు. గుక్కెడు నీళ్ళు. ఇంకా కావాలని బకెట్‌లో మూతి ముంచింది, లాగేశాను. నా మోకాలు కూడా నొప్పి. ఇద్దరమూ కొంచెం కొంచెం కుంటుతూ నడిచాం. ఎండ ఎక్కుతోందని ఎవరో అరిచారు, హరిచరణ్ చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపాడు. దాని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా తడి ఉంది. ఇంకో చుట్టు తిప్పాను. మళ్ళీ చూశాను. పొడిగా, మామూలు వెచ్చదనంతో ఉంది. అప్పుడు ఆగాను.

హరిచరణ్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. "పెద్దమ్మా, ఎట్లాగూ పూసలున్నయి. పడ్డ మనిషిని లేపినట్టు గూడ ఒకటి తీద్దామా? షాహీన్ పడుకుంటది. నువ్వు చెయ్యి ఇస్తవు."

నాకు కావాలనే ఉంది.

"వద్దు బిడ్డా," అన్నాను. "లేవలేదు గద."

ఏడాది రోజు

మోతెవరి దాణా తిన్నది. లద్దె బాగుంది. కాలు బాగుంది.

పొద్దున ఆకు వేసి నీకు పెట్టాను. అన్నం, ఉల్లికారం, కోడికూర, నీకు ఇష్టమైనట్టు ముక్కలు చిన్నగా కొట్టి. షాహీన్ ఇంటి నుంచి సేమియా చేసి తెచ్చింది. కాసేపు బయట కూర్చుని లోపలికి వచ్చి చూశాను. పెట్టింది పెట్టినట్టే ఉంది. ఉంటుందని తెలుసు. అయినా చూశాను.

తర్వాత షాహీన్‌తో ఆటశాలకు పోయి వేలిముద్ర వేశాను. హరిచరణ్ తెర వెలిగించాడు. వెయ్యి గుర్రాలు పోయాయి, మలిగాయి, నువ్వు పడ్డావు. మిగిలినవి తిరిగి వచ్చాయి. ఆడుతున్నవాడెవడో వాటిని మళ్ళీ తోలబోయాడు. కదలలేదు. మైదానం అంచు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. బిగుతు చొక్కా, నా కుంటినడక. ఒక్కొక్కరు ఒక్కొక్క పగ్గం పట్టుకున్నారు.

"వెయ్యిమందివైనవమ్మా," అన్నది షాహీన్. "ఒక్కదానితోనే ఏగుతలేము."

నువ్వు పడ్డ చోటు పక్క నుంచే నడుస్తున్నారు, చుట్టూ తిరిగి మళ్ళీ నీ దగ్గరికే వస్తున్నారు. ఎవరూ తొందర పడటం లేదు. ఇక చాలు తల్లీ. ఎన్నిసార్లు పడ్డా ఒక్కదానివే ఉండవు. ఇంతకంటే చేయడం నాకు చేత కాలేదు.

ఆడేవాళ్ళు అంతసేపు తెర ముందు కూర్చుని ఏం చేయాలని హరిచరణ్ అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆట ఆడుతూ ఈ రాత తెరిచిన బిడ్డా, నువ్వెవరివో నాకు తెలియదు. గుర్రాలు కదలడం లేదని తెరిచి ఉంటావు. అవి చెడిపోలేదు, అలసిపోయాయి. నేను తిప్పుతున్నాను, నువ్వు తొందర పెట్టినా చెమట ముందుగా ఆరదు. ఎప్పుడనగా కూర్చున్నావో ఆ తెర ముందు. నీ ఇంట్లో కూడా ఎవరో పిలిచే ఉంటారు. గుర్రాలను నేను చూసుకుంటాను. నువ్వు లేచి చేతులు కడుక్కుని, కడుపునిండా అన్నం తిను.